కారవాన్ పైకప్పు మీద ఏముంది?

మాదాపూర్‌లో ఒక చిన్న నెట్‌వర్కింగ్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో, ఓ ఉదయం మా మేనేజర్ నన్ను ఫిలింనగర్ పంపించాడు. షూటింగ్ జరుగుతున్న బంగళా ముందు హీరోయిన్ మేకప్‌కు, విశ్రాంతికి వాడే కారవాన్ బండి ఆగి ఉంది. లోపల ఫోన్ పలకదు, లాప్‌టాప్‌కు పెట్టిన డేటా కార్డు పనిచేయదు. మెట్లు దిగితే చాలు, రెండూ బాగానే ఉంటాయి.

తలుపు దగ్గరే హీరోయిన్ తల్లి అడ్డంగా నిలబడి, "ఆ బ్యాగు తెరవండి," అంది. కేబుల్ చుట్ట, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే తీసి చూసి, యాంటెన్నా దగ్గర ఆగింది.

"ఇందులో మాటలు రికార్డవుతాయా?"

"లేదండీ. సిగ్నల్ అందుకోవడానికే."

"అలాగే చెబుతారులెండి." గొంతు తగ్గించింది. "వేరే సినిమావాళ్లు మా అమ్మాయికి ఫోన్ చేసినప్పుడే లైన్ పోతోంది. ఈ సినిమా కంపెనీవాళ్లు ఏదో మిషను పెట్టుంటారు. ముందు అది వెతకండి."

నవ్వు ఆపుకుని లోపలికి వెళ్లాను. చుట్టూ రేకు గోడలు, అద్దాలకు మెరిసే సన్ ఫిల్మ్. సిగ్నల్ తగ్గడం సహజమే. కానీ పైకప్పు ఫైబర్‌ది, అటునుంచైనా కాస్త రావాలి. ఒక్క గీత కూడా రాలేదు. నాకూ ఎక్కడో తేడా కొట్టింది.

నిచ్చెన కావాలనగానే కారవాన్ డ్రైవర్ ముఖం మాడిపోయింది. యాభై దాటిన మనిషి.

"మీదికెందుకు సార్? గాడ ఏం లేదు."

"యాంటెన్నా బిగించాలన్నా."

"లోపల్నే పెట్టుండ్రి. జారి పడ్తరు."

ఆవిడ 'చూశారా' అన్నట్టు నావైపు చూసింది. ఆ క్షణంలో ఆవిడ అనుమానమే నిజమేమో అనిపించింది.

ఎక్కి చూస్తే కప్పంతా వెండి రంగు రేకు షీటు పరిచి, అంచులు టేపుతో అంటించి ఉన్నాయి. ఒక మూల లేపాను. కింద మూరెడు పగులు.

నిచ్చెన పట్టుకున్న డ్రైవర్ నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "రివర్స్ తీస్తుంటె కొమ్మ తగిలింది సార్. వానకు కారుతుంటె గిది ఏసిన. ఓనర్‌కు తెలిస్తే పనిలకెళ్లి తీసేస్తడు. జర చెప్పకుండ్రి."

రేకు తీసేసి, ఇద్దరం నా బ్యాగులోని సీలెంట్ పూసి పగులు మూసేశాం. యాంటెన్నాను కొండ మీది టవర్ వైపు తిప్పి బిగించి, ఏసీ పక్క సందులోంచి కేబుల్ లోపలికి దింపాను. డేటా కార్డుకు తగిలించగానే నాలుగు గీతలు వచ్చాయి. రేకు పోయేసరికి ఫోన్ కూడా పలికింది.

"పైన ఏముంది?" అందావిడ.

"వాన పడకుండా వేసిన రేకండీ. అదే సిగ్నల్‌ను ఆపింది."

"ఎవరు వేయమన్నారు?"

"తెలియదండీ," అన్నాను. డ్రైవర్ నేల చూపులు చూశాడు.

ఆవిడ నా ఎదురుగానే మా మేనేజర్‌కు ఫోన్ చేసింది. "మీరు పంపిన మనిషికి కళ్లద్దాలున్నాయాండీ?" అని అడిగి, నా ముఖం చూసి సరిపోల్చుకుంది.

రెండు రోజుల తర్వాత మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. నువ్వూ డ్రైవరూ ఏదో దాచారంటోంది. అక్కడ ఇంకేమైనా పెట్టావా?"

లేదన్నాను. పగులు సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన నమ్మినట్టే తలూపాడు గానీ, మళ్లీ ఎప్పుడూ నన్ను ఫిలింనగర్ పనికి పంపలేదు.