మట్టి ఉండకు మొదటి బహుమతి

మీ పిల్లల బడికి ముఖ్య అతిథిగా పిలిచి దండ వేసి కూర్చోబెట్టారే, ఆ పెద్దమనిషి సొంత బిడ్డలు ఏ బడిలో చదువుతున్నారో ఎప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వాళ్ళూ అడగలేదు. అడగకపోతే ఏమవుతుందో మూడో తరగతిలోనే కళ్ళారా చూశాను. ఆ రోత ఇప్పటికీ పోలేదు.

మేము మగ్గం మీద బతికేవాళ్ళం. మా వీధి చివరనే సిస్టర్ల బడి ఉండేది. మాది క్రైస్తవం కాకపోయినా, అక్కడ చదువు బాగుంటుందని మా జేజి నన్ను అందులో వేసింది. జేజి అంటే మా నాయన తల్లి. బడి వెనక ఒక హాస్టలు ఉండేది. జమ్మలమడుగు వైపు ఊళ్ళలో రెండు పార్టీల గొడవల్లో మునిగిన వాళ్ళు తమ పిల్లలను తెచ్చి అక్కడ వదిలేవాళ్ళు. తండ్రులు ఊళ్ళో ఒకరినొకరు చంపుకోడానికి మాటు వేస్తుంటే, వాళ్ళ పిల్లలు మా పక్కనే కూర్చుని ఎక్కాలు చదివేవాళ్ళు.

మా తరగతి సిస్టరమ్మది కేరళ. ఇక్కడికి వచ్చాకే తెలుగు నేర్చుకుంది. వారానికి ఒక మధ్యాహ్నం కుమ్మరి ఇంటి నుంచి బంకమట్టి తెప్పించి, మీ ఇంట్లో పెద్దలు చేసే వస్తువు ఏదైనా చెయ్యండి అనేది. చేశాక ప్రతి ఒక్కరూ లేచి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇది ఏమిటి? ఇది ఎవరికి పనికొస్తుంది? ఆమె తరగతిలో ఈ రెండు ప్రశ్నలను తప్పించుకున్న వస్తువు ఒక్కటీ లేదు. గోడ మీది శిలువను చూపించి నేను అవే ప్రశ్నలు అడిగితే కూడా, కోప్పడకుండా కూర్చుని జవాబు చెప్పింది. ఆ జవాబు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అడగనిచ్చినందుకు మాత్రం ఆమె మీద గౌరవం తగ్గలేదు.

ఒకసారి నేను మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెను చేశాను. పక్కమ్మాయి కడవ చేసింది. హాస్టలు పిల్లవాడు ఒకడు నున్నటి ఉండ చేసి, దాని చుట్టూ పురికొసను ఒక్క పోగు కూడా వదులు లేకుండా బిగించి చుట్టాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి వేళ్ళు అంత నేర్పుగా తిరగడం చూసి మేమంతా చుట్టూ మూగాం.

"ఇది ఏమిటి?" అంది సిస్టరమ్మ.

"బాంబు సిస్టర్. మా ఇంట్లో ఇదే చుడతారు."

"ఎవరికి పనికొస్తుంది?"

"మా ఊరి పెద్దాయనకు," అన్నాడు.

"మీ నాయనకు పనికిరాదా?"

"మా నాయనకు రెండు వేళ్ళు పోయినాయి సిస్టర్. ఇప్పుడు బిగువుగా చుట్టలేడు."

ఆమె వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. ఉండను తీసి బీరువాలో పెట్టేసింది.

బడి పండుగ వచ్చింది. పిల్లలు చేసిన వస్తువులన్నీ బల్లల మీద పేర్చారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ పెద్దాయనే. జీపుల్లో మనుషులను వేసుకుని వచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలిసి మా లెక్కల సారు బీరువా తెరిచి, ఆ ఉండను తెచ్చి నడిబల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాడు. చదువు చెప్పే మనిషి!

పెద్దాయన కడవను చూడలేదు, నాడెను చూడలేదు. ఉండను అందుకుని, అరచేతిలో తూకం వేసినట్టు ఎగరేసి పకపకా నవ్వాడు.

"ఎవడప్పా వీడు? శానా బాగ చుట్టినాడే! వాళ్ళ నాయనకు చేతగాని పని కొడుకు చేసినాడు సూడండి!"

జీపుల్లో వచ్చిన వాళ్ళు నవ్వారు. బల్లకు అవతల కూర్చున్న ఊరి పెద్దలు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది, ఆయన మనుషుల్లోనే ఉన్న ఆ పిల్లవాడి తండ్రి. ఎనిమిది వేళ్ళ చేతులను దగ్గరకు చేర్చి చప్పట్లు కూడా కొట్టాడు.

"ఫస్టు ప్రైజు వీనికే. పరీచ్చలు కాంగానే ఊరికి తోలకరాప్పా. ఎలచ్చన్లు వస్తాండాయి. ఇట్లాంటి చేతి యేళ్ళకు పలకతో ఏం పని?"

"అట్నే అన్నా," అన్నాడు తండ్రి.

పిల్లవాడికి అర్థమైంది. వాడి చూపు బహుమతిగా పెట్టిన స్టీలు టిఫిను డబ్బా మీద లేదు. సిస్టరమ్మ ముఖం మీద ఉంది. అక్కడున్న పెద్దల్లో ఒక్కరైనా ఇది తప్పని నోరు విప్పుతారేమోనని నేను చూశాను. ఒక్కరూ విప్పలేదు.

సిస్టరమ్మ లేచి, చిరునవ్వుతో మైకు తీసుకుంది. "మంచిదయ్యా. మా బడిలో ఒక పద్ధతి ఉంది. మొదటి బహుమతి ఎవరి చేత్తో ఇస్తే వాళ్ళే ఆ బిడ్డను పదో తరగతి దాకా మా హాస్టల్లోనే ఉంచి చదివిస్తామని సభలో మాట ఇవ్వాలి. మీ అంతటి వారు మాట ఇస్తే ఇక తిరుగుండదు కదా." అంటూ మైకును ఆయన నోటి దగ్గర పెట్టింది.

ఆయన సభ వైపు చూశాడు. ఎదురుగా, హాస్టలు పిల్లల కోసం వచ్చిన రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు. మాట తప్పాడని అనిపించుకోవడం కంటే చావే నయమనుకునే మనుషులు వాళ్ళు. ఎన్ని తలలు తెగాయో ఆ మాట పట్టింపుల కోసమే.

"అంతేనా సిస్టరమ్మా? సదివిస్తా. నా మాటంటే మాటే!" అన్నాడు. సభంతా చప్పట్లు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. సాయంత్రం సిస్టరమ్మ దగ్గరకు వెళ్ళి, బాంబుకు ఫస్టు ప్రైజు ఎట్లా ఇవ్వనిచ్చారని నిలదీశాను.

"డబ్బా వాళ్ళు ఇచ్చుకోనీ. నాకు పిల్లవాడు కావాలి," అంది.

"అట్లాంటి పద్ధతి మన బడిలో యాడుంది సిస్టర్?"

"ఈరోజు నుంచి ఉంది."

అబద్ధం పాపమని రోజూ చెప్పే మనిషి, అంత నిబ్బరంగా అబద్ధమాడింది. తరవాత బకెట్టులో నీళ్ళు తెచ్చి ఆ పిల్లవాడి ముందు పెట్టింది. వాడే పురికొస విప్పి, ఉండను నీళ్ళలో వేసి, చేతులతో పిసికి కరిగించాడు. ఆ మట్టి మళ్ళీ మట్టి తొట్టిలోకి చేరింది.

పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. పిల్లవాడు పది గట్టెక్కాడు. ఇప్పుడు పులివెందులలో బోరు మోటార్లకు రాగితీగ చుడతాడు. ఒక్క పోగు వదులు ఉండదని రైతులు వెతుక్కుంటూ వస్తారట. కానీ వాడి ఊరి నుంచి వచ్చి ఏ బహుమతీ రాక వెనక్కి వెళ్ళిన పిల్లలున్నారు. వాళ్ళ కోసం ఎవరూ మైకు పట్టుకోలేదు. ఒక సిస్టరు అబద్ధమాడితే తప్ప పిల్లవాడు బతకని ఊళ్ళు మనవి. ఎవరి బిడ్డ బాంబు చుట్టాలో, ఎవరి బిడ్డ చదవాలో ఒక పెద్దాయన తన ఇంట్లో కూర్చుని తేల్చేస్తే, తండ్రులు చప్పట్లు కొట్టారు. ఇంతకంటే నీచం నేను చూడలేదు.

ఆ రోజు పండుగ చూడను వచ్చిన మా జేజి, నాతో ఇంటికి నడుస్తూ అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర గొణిగింది. "ఆయప్ప బిడ్డలు బెంగుళూరులో సదువుతాండారంట పాపా. వాళ్ళల్లో ఒక్కడన్నా యాడన్నా బాంబు చుట్టినాడా?"

సిస్టరమ్మ నేర్పిన 'ఎవరికి పనికొస్తుంది' లాంటి ప్రశ్ననే బడి మెట్టు ఎక్కని మా జేజి కూడా అడిగింది. భయంతో గుసగుసగా అడిగింది, అంతే తేడా. నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఆ గుసగుసనే. రేపు మీ బడి పండుగకు జీపు వచ్చి ఆగుతుంది. దండ పక్కన పెట్టండి. లేచి నిలబడండి. "మీ బిడ్డలు యాడ చదువుతాండారయ్యా?" అని, సభంతా వినేలా, గట్టిగా అడగండి.