కోచ్ గారికి మేము చేసిన సన్మానం

మొన్న శనివారం చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే, జట్టుని వరసగా గెలిపిస్తున్న ఒక అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఇంకా పెద్ద యూనివర్సిటీకి మారాలా వద్దా అని అందులో నలుగురు గంటసేపు వాదించుకున్నారు. "పోనివ్వండి మామయ్యగారూ, నేను మారలేదా కంపెనీలు?" అని మా అల్లుడు చిప్స్ నములుతూ తేల్చేశాడు. నాకు మాత్రం పాత సంగతొకటి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో ఉండేవాళ్ళం. పేరుకి ఫుట్‌బాలే గానీ అంతా చేతుల్తోనే ఆడే ఆ ఆట నాకు ముక్క అర్థం కాకపోయినా, ఎప్పుడూ ఓడిపోయే జట్టుని గెలుపు దారి పట్టించిన కోచ్ మా వీధిలోనే ఉంటాడని గొప్పగా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆయనకి పెద్ద యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చిందని ఊరంతా గుప్పుమన్న వారమే మా తెలుగువాళ్ళ దీపావళి సభ. ముఖ్య అతిథి ఆయనే. మన పద్ధతిలో దండ వేసి, శాలువా కప్పి, మైకు నా చేతికిచ్చారు. మైకు అందితే నాకు మైకం. పొగిడి పొగిడి, మమ్మల్ని వదిలి వెళ్ళనని సభాముఖంగా మాటివ్వమని అడిగేశాను. హాలంతా చప్పట్లు. ఆయన శాలువా సర్దుకుని, భార్య వైపు ఒకసారి చూసి, ఎక్కడికీ వెళ్ళనన్నాడు.

కారెక్కగానే మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏమండీ, మీరు వేసింది దండా, సంకెళ్ళా?" అంది. తన తల్లికి మతిమరుపు ముదిరిందనీ, ఆ కొత్త ఊరైతే ఆమెకి దగ్గరనీ, అందుకే వెళ్దామనుకుంటున్నారనీ కోచ్ గారి భార్య పులిహోర దగ్గర నిలబడి చెప్పిందట. మర్నాడైనా వెళ్ళి, సరదాకి అడిగాను, పట్టించుకోకండి అని ఉండొచ్చు. మొహం చెల్లక ఊరుకున్నాను. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆ చలికాలమంతా ఆయన భార్య వారాంతాల్లో ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ తల్లి దగ్గరికి వెళ్ళొచ్చేది.

వేసవి రాకముందే నాకు చాండ్లర్‌లో మంచి జాబ్ వచ్చింది. నన్నెవరూ మాట అడగలేదు కనుక రెండు వారాల నోటీసు పడేసి సామాను సర్దేశాను. ట్రక్కులోకి సోఫా ఎక్కిస్తుంటే ఆయనే వచ్చి ఒక పక్క పట్టాడు. మంచి అవకాశం, వదులుకోకూడదని మనస్ఫూర్తిగా అన్నాడు. సోఫా బరువు వంక పెట్టుకుని నేను తల దించుకున్నాను. తరవాత జట్టు ఓడిపోవడం మొదలుపెట్టగానే, ఉండమని బతిమాలిన ఊరే ఆయన్ని సాగనంపిందని విన్నాను.

ఇప్పటివాళ్ళు వెళ్ళాలనుకుంటే వెళ్ళిపోతారు, ఎవరూ ఆపరు. మనుషుల్లో అభిమానాలు తగ్గిపోయాయని మా ఈడువాళ్ళు వాపోతుంటే నేనూ తలూపుతాను గానీ, ఆ రోజుల్లో మేము అభిమానం అనుకున్నదాంట్లో ఎదుటివాళ్ళ మొహమాటం ఎంతో నాకు తెలుసు.