గోడ మీద పెరుగు గ్లాసు

"పిన్నీ, అమ్మ లేవట్లేదు, ఒకసారి రా!" అని గోడ అవతల నుంచి టీచరమ్మ కూతురు పిలిచినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. వెళ్ళేసరికే టీచరమ్మ నిద్రలో పోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. తిరిగొచ్చేసరికి పాలు మాడిపోయాయి. పొయ్యి ఆర్పకుండా నేను ఎన్నడూ గడప దాటినదాన్ని కాదు.

మీలో కొందరికి ఆవిడ పెనుగంచిప్రోలు బడిలో పాఠాలు చెప్పిన టీచరుగా తెలుసు. నాకు మాత్రం నందిగామలో గోడ పక్కావిడ. నేను ఐదో తరగతితో ఆగినదాన్ని, ప్రతిదానికీ కంగారుపడేదాన్ని. ఆవిడకి కంగారన్నదే తెలీదు.

మా రెండిళ్ళ పెరుగూ ఒకటే. ఒకరింట్లో పాలు తోడుకోకపోతే రెండో ఇంటి నుంచి స్టీలు గ్లాసులో కాస్త తోడు గోడ మీదికి వచ్చేది. దీపం పెట్టాక పెరుగు బయటికి ఇవ్వకూడదని నాకు పట్టింపు. చర్చికి వెళ్ళే ఆవిడకి అలాంటివి లేవు. అయినా నా కోసం పొద్దుండగానే వచ్చేది.

"దీపం పెట్టలేదుగా చెల్లెమ్మా? తర్వాత పెరుగుతో పాటు మీ లక్ష్మి మా ఇంటికొచ్చేస్తే మా పాస్టరుగారికి ఏం చెప్పుకోను?"

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలిన రోజు ఆ గోడ దగ్గరే నిలబడి ఏడ్చాను. ఆవిడ రిపోర్టు చదివి, "పెరుగులో కంటికి కనపడని ప్రాణులుంటాయి. వాటిలో కొన్ని రకాలు కొలెస్ట్రాల్‌ని కాస్త తగ్గిస్తాయేమోనని పరిశోధనలు చేస్తున్నారంట. మన గిన్నెలో ఆ రకం ఉందో లేదో నాకూ తెలీదు. మీగడ తీసి తిను. డాక్టరిచ్చిన మాత్ర మానావంటే మాత్రం ఊరుకోను" అంది.

ప్రాణులనగానే నాకు కొత్త భయం పట్టుకుంది. కడుపులో పాకుతాయేమోనని పెరుగంతా మజ్జిగ పులుసు పెట్టి, బాగా మరగకాచి తిన్నాను. కొన్నాళ్ళకి ఆ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"వాటిని పులుసులో ఉడకేసి, ఇక మేలు చెయ్యండర్రా అంటే ఎట్టా చేస్తాయి చెల్లెమ్మా?"

ఆ రోజే నా చెయ్యి పట్టుకుని పాలలో వేలు పెట్టించింది. "చురుక్కుమంటే అవి చస్తాయి. గోరువెచ్చగా ఉంటే బతుకుతాయి. బెంగపెట్టుకోకు, నీకన్నా గట్టివి అవి."

మాత్రో, నడకో, పెరుగో, మళ్ళీ పరీక్ష చేయిస్తే తగ్గింది. దేనికి దండం పెట్టుకోనని అడిగితే, "ముందు మాత్రకి పెట్టు" అంది.

సమాధి చేసి వచ్చాక వాళ్ళమ్మాయి ఫ్రిజ్ ఖాళీ చేసింది, పెరుగు గిన్నె కడిగి బోర్లించింది, ఇంటికి తాళం వేసుకుని జగ్గయ్యపేట వెళ్ళిపోయింది. ఇక ఆ పెరుగు మిగిలింది నా దగ్గరే. ఇది పాడైతే మళ్ళీ అడగడానికి అవతల ఎవరూ లేరు. ఎండ ముదిరినా దిగులే, కరెంటు పోయినా దిగులే. పరిటాల నుంచి మా చెల్లెలు రమ్మంటున్నా, దీన్ని వదిలి వెళ్ళలేకపోతున్నాను. ఒక్కదాన్ని తినేది ఎంతని? అయినా రోజూ పాలలో వేలు పెట్టి చూసి, తోడేస్తున్నాను.

నిన్న సాయంత్రం అలవాటు కొద్దీ గ్లాసులో కాస్త తోడు వేసి, మూత పెట్టి, గోడ మీద పెట్టాను. ఆవిడ లేదని గుర్తొచ్చినా తియ్యబుద్ధి కాలేదు. వీధిలో ఒక్కో ఇంట్లో లైట్లు వెలిగాయి. దీపం పెడితే ఇక ఇవ్వకూడదు కదా అని, నేను పెట్టకుండా చీకట్లో ఆ గ్లాసు పక్కనే నిలబడ్డాను.