కృష్ణలో మంచుకొండ

కొల్లాపూర్‌లో చేపలమ్మే పెంటమ్మకు ఒక ఆలోచన తట్టిందంటే, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె మొండితనానికి నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆమె లేని రేవు నాకు రుచించదు.

మొన్న మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదటిరోజు, ఇంటింటా చేపల కూర ఉడకాల్సిందే. పెంటమ్మ భర్త చిన్నయ్య రాత్రంతా కృష్ణ అవతలి ఒడ్డున వలవేసి బుట్టలు నింపాడు. ఎండ ముదిరేలోగా ఐసు చేరకపోతే ఆ కష్టమంతా కుళ్లిపోతుంది. ఐసు తీసుకుని పెంటమ్మ, ఆమె మనవరాలు బయల్దేరిన పుట్టిలోకి, అంటే గుండ్రటి చిన్న పడవలోకి, మంచి చేప ముందే ఏరుకుందామని నేనూ ఎక్కాను. దాంతో ఐసు దిమ్మెకు చోటు చాలలేదు.

"తాడుగట్టి నీళ్లల్ల గుంజుకపోదం," అంది పెంటమ్మ. ముందురోజే ఆ మనవరాలు గీత ఫోనులో మంచుకొండలు చూపించిందట. "అవి నెలలకు నెలలు సముద్రంల తేలుతయి. గిది ఒడ్డుదాంక పోదా?"

"అవ్వా, ఆడ నీళ్లే ఐసు లెక్కుంటయి. ఒక్కో కొండ మన మండలమంతుంటదంట!" అని గీత మొత్తుకుంది. వింటేగా!

రేవులో జనం పోగై పందేలు కాశారు. నడి ఏట్లో గాలి పుట్టిని ఎగువకు నెడుతుంటే దిమ్మె దిగువకు లాగింది. దాని ఒళ్లంతా నీళ్లలోనే ఉంటే గాలి మాట ఎందుకు వింటుంది? ఇంతలో అడుగు కరిగి దిమ్మె ధబేల్మని తిరగబడింది. ముగ్గురం తడిసిపోయాం.

"పెద్దకొండలు గూడ గిట్లనే బోర్లపడ్తయంట!" అని గీత చప్పట్లు కొట్టింది.

అవతలి ఒడ్డు చేరేసరికి గుమ్మడికాయంత మిగిలింది.

"ఐసేదే?" అన్నాడు చిన్నయ్య.

"వచ్చింది. జర తోవల దిగిపోయింది."

ఆయన తల పట్టుకున్నాడు. నాకూ పాపమనిపించింది. పెంటమ్మ ముఖం కూడా వాడింది, కానీ ఒక్క క్షణమే. "ఊరిదాంక ఆగదు గని రేవుదాంక ఆగుతది," అంటూ ఆ ముక్కను పగలగొట్టి చేపల మీద చల్లి, తడిగోనె కప్పింది. బుట్టల్ని చిన్నయ్య పుట్టిలోకి ఎక్కించి వెంటనే వెనుదిరిగాం.

పందేలు కాసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

"ఐసు చూడనీకొచ్చి చాపలు కొనకుంట పోతరా?" అని గోనె తీసింది. ఎగబడ్డారు. చూస్తుండగానే బుట్టలు ఖాళీ అయ్యాయి. చిన్నయ్య నవ్విన నవ్వు చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

బుట్టలు కడుగుతూ పెంటమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంటికి ఒక్క చేపా మిగల్చలేదు! నేను ఏరి ఏరి చేపలు నింపుకున్న సంచిలో చెయ్యిపెట్టి, అన్నిట్లోకీ పెద్దదాన్ని లాగేసుకుంది.

"ఏమనుకోకు సారూ, మా ఇంట్ల గూడ మిరుగమే గద!"