గోనెపట్టాల గదిలో గ్రహణం

నూజివీడు హైస్కూలులో భౌతికశాస్త్రం బోధిస్తున్న తొలి సంవత్సరాలలో నేను బెజవాడలోని ఒక పాత సామాన్ల అంగడిలో దూరదర్శిని కొన్నాను. ఇత్తడి గొట్టం, మూడు కాళ్ళ కర్ర స్టాండు, చిన్న డబ్బాలో ఒక నల్లని గాజుబిళ్ళ. ఆ బిళ్ళను కంటి కటకానికి తొడిగితే సూర్యుణ్ణి నేరుగా చూడవచ్చునని అమ్మినవాడు చెప్పాడు. మొదటిరోజు అలాగే తొడిగి, గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పి, చూడబోయే ముందు కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. టప్పుమని చప్పుడైంది. వేడికి గాజు నిలువునా చీలింది. ఆనాడే మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది: సూర్యుడి వైపు తిరిగి ఉన్న గొట్టానికి ఎవరూ కన్ను ఆనించకూడదు. అందులో నాకూ మినహాయింపు లేదు.

ఆ తరువాత మేము సూర్యుణ్ణి కాగితం మీదనే చూశాము. కంటి కటకం వెనుక, జానెడు దూరంలో, తెల్ల కాగితం అంటించిన అట్టను నిలబెడితే దాని మీద బింబం గుండ్రంగా పడుతుంది. ఆ సంవత్సరాలలో సూర్యుడి మీద మచ్చలు విరివిగా ఉండేవి. బింబం ఒకచోట నిలవదు. గొట్టాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఉండకపోతే చూస్తుండగానే కాగితం దాటిపోతుంది. అందువల్ల పని రెండుగా విభజించాను. జరపడం నా వంతు. మచ్చలను పెన్సిలుతో గీయడం నా భార్య వంతు. ఆమె చేయి నా చేతి కంటె నిదానమైనది. ప్రతి ఉదయం వరండాలో, నేను స్కూలుకు బయలుదేరే లోపల, ఆనాటి సూర్యుడు ఒక కాగితం మీదికి ఎక్కేవాడు.

ఒక వేసవిలో, మామిడి కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఉదయం పూట పాక్షిక సూర్యగ్రహణం ఉన్నదని పంచాంగం చెప్పింది. దానికి వారం ముందే సూర్యుడి అంచున ఒక పెద్ద మచ్చ కనిపించింది. నా భార్య దాన్ని రోజూ గీస్తూ, గ్రహణం నాటికి అది బింబం నడిమికి చేరుతుందని, చంద్రుడి అంచు దాని మీదుగానే పోవచ్చునని లెక్క కట్టింది. చంద్రుడు ఆ మచ్చను మూసే క్షణాన్ని తాను చూడాలని కోరింది. పెళ్ళయిన తరువాత ఆమె నన్ను గట్టిగా అడిగిన మొదటి కోరిక అదే.

అప్పుడామె గర్భవతి. కడుపులో ఉన్నది మా పెద్దమ్మాయి. అంతకు ముందొక కాన్పు నిలవలేదు. అందుచేత గ్రహణవేళ కోడలు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలని మా అమ్మ ముందుగానే శాసించింది. అమ్మది చాదస్తమని కొట్టివేయడానికి నాకు మనసు రాలేదు. ఆ పోయిన బిడ్డను చేతుల్లోకి తీసుకున్నది ఆమె. అయినా, కాంతి రుజుమార్గంలో ప్రయాణించును అని మొదలయ్యే పాఠమొకటి అమ్మకు చెప్పడానికి సిద్ధం చేసుకున్నాను. నా భార్య నన్ను నోరు మెదపవద్దని చెప్పి, తానే వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ అక్కడ కొత్త ఆవకాయ జాడీల మీద వేయడానికి దర్భలు తుంచుతున్నది.

“అత్తయ్యగారూ, గ్రహణాన్ని మీరు పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి చూస్తారు కదండీ. అట్లా చూస్తే దోషం లేదా?”

“నీళ్ళల్లో చూస్తే ఏం కాదమ్మాయ్. ఆ ఎండ ఒంటి మీద పడకూడదు గానీ.”

“మరి కాయితం మీద పడితేనో?”



“నీ మొగుడు నేర్పాడా ఈ ప్రశ్న?”

“ఆయనకి ఇంత ఆలోచన ఎక్కడిదండీ.”

వరండాలో పత్రిక చదువుతున్న నేను పేజీ తిప్పాను.

అమ్మ ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టింది. తూర్పుగది కిటికీలో గొట్టం పట్టేంత సందు తప్ప మిగిలినదంతా మూసివేయాలి. కోడలు లోపలి గుమ్మం దగ్గర, వెలుతురు సోకని చోట, పీట మీద కూర్చోవాలి. కత్తిగానీ సూదిగానీ పెన్సిలుగానీ ముట్టకూడదు. గ్రహణవేళ తల్లి గీత గీస్తే బిడ్డకు గీత పడుతుందని అమ్మ భయం. ఈ చివరి షరతు విని నా భార్య మొహం చిన్నబోయింది. నా చేతులు గొట్టం మీద ఉంటాయి. గీసేదెవరు? ఆనాటి కాగితం ఖాళీగా ఉండిపోవలసిందేనని అన్నాను.

“అయితే మీరే గియ్యాలి, అత్తయ్యగారూ” అన్నది ఆమె.

“పెన్సిలు పట్టుకోవడం నాకేం వచ్చే?”

“ముగ్గుపిండి పట్టుకుంటారుగా. అట్లాగే పట్టుకోండి.”

గ్రహణం ముందురోజు సాయంత్రం పక్కతోట షావుకారు షెడ్డుకు వెళ్ళి గోనెపట్టాలు అడిగాను. గ్రహణం విడిచేదాకా కోత ఆపమని ఆయన అప్పుడే కూలీలకు చెప్పి, కాయల రాసుల మీద దర్భలు వేయిస్తున్నాడు. నా పని విన్నాక ఒక పిడికెడు దర్భలు కూడా చేతిలో పెట్టి, “గొట్టానికి కూడా కట్టండి మాస్టారూ, రాహువు ముందుగా మింగేది దాన్నేగా” అన్నాడు.

మరునాడు సూర్యుడు తోట తలలు దాటేసరికి అమ్మ కిటికీని పట్టాలతో, గడ్డితో బిగించింది. గది చీకటయింది. కాగితం మీద బింబం పడగానే నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. వరండా వెలుతురులో మేము అంత స్పష్టమైన సూర్యుణ్ణి ఏనాడూ చూడలేదు. పెద్దమచ్చ చుట్టూ పలుచని నీడ, దానికి ఈకల వంటి అంచు, పక్కన ఆవగింజలంత చిన్న మచ్చలు. గుమ్మం దగ్గర నుంచి నా భార్య వాటిని ఒక్కొక్కటే చెబుతుంటే, ఆమె చెప్పినచోటల్లా అమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్సిలు ఇరికించి చుక్కలు పెట్టింది.

పట్టు మొదలైంది. అమ్మ పెరట్లోకి వెళ్ళి పళ్ళెంలో చూసుకుని తిరిగివచ్చింది.

“పళ్ళెంలో కింద పట్టింది, నీ కాయితంలో పైన పట్టిందేంట్రా? రెంటిలో ఏది నిజం?”

నీటిలో ప్రతిబింబం తలకిందులగునని నేను మొదలుపెట్టాను.

“తర్వాత చెబుదురుగాని, ముందు గొట్టం జరపండి” అన్నది నా భార్య. సూర్యుడు సగం కాగితం దాటిపోయాడు.

నల్లని అంచు మెల్లగా దిగుతూ పెద్దమచ్చను సమీపించింది. రెండింటి మధ్య వెంట్రుకంత వెలుగు మిగిలినప్పుడు నా భార్య పీట మీద నుంచే ముందుకు వంగింది. అమ్మ పెన్సిలు వదలకుండానే రెండవ చేతిని అడ్డం పెట్టింది.

“ఏమండీ, మన మచ్చ నల్లది కాదండీ. చంద్రుడి పక్కన చూడండి, గోధుమరంగు.”

నిజమే. చంద్రుడి నలుపు పక్కన ఆ మచ్చ వెలవెలబోయింది. నల్లగా ఉందని మేము ఇన్నాళ్ళు అనుకున్నది చుట్టూ ఉన్న వెలుగుతో పోల్చి మాత్రమే. ఆమె కోరిన క్షణం అలా వచ్చి, వెంటనే మచ్చ మాయమైంది. అమ్మ కాగితం వైపు చూడలేదు. కోడలి మొహం వైపు, ఆ తరువాత కడుపు వైపు చూసింది. కోడలు నవ్వుతూ ఉండడం గమనించి, అప్పుడు చంద్రుడి అంచును ఒక్క వంపులో గీసింది. నేను వృత్తలేఖినితో గీసినా ఆ వంపు అంతకంటె బాగా రాదని చెప్పను. కొంచెం వంకరగానే వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి నేను ప్రయత్నించలేదు.

విడుపు తరువాత అందరం స్నానాలు చేశాము. గొట్టానికి కూడా స్నానం చేయించాలని అమ్మ చెంబుతో వచ్చింది. కటకానికి తడి తగలకూడదని నేను, గ్రహణాన్ని మింగినదానికి స్నానం తప్పదని ఆమె, కొంతసేపు వాదించుకున్నాము. చివరకు స్టాండు మూడు కాళ్ళ మీద తులసినీళ్ళు చల్లి ఊరుకుంది.

మరునాటి ఉదయం నేను పిలవకుండానే అమ్మ, పట్టాలు ఇంకా తీయని తూర్పుగదిలోకి వచ్చింది. నా భార్య అప్పటికే పెన్సిలు చెక్కుతూ కూర్చున్నది. అమ్మ ఆమె భుజం మీదుగా వంగి, బింబమంతా వెతికి, వేలితో చూపించింది.

“ఉంది. నిన్నటి కంటే కొంచెం పక్కకి జరిగిందే” అన్నది.

నా భార్య పెన్సిలును పక్కవాటంగా పట్టుకుని, మచ్చను నల్లగా నింపకుండా, పలుచగా దిద్దడం మొదలుపెట్టింది.