హలీమా ఆపా తోటలో అరుగు

ఈ ఉదయం కోరుట్లలో చిన్న వాన పడింది. బీడీలు చుట్టే తునికాకు తునకలు తడిసిన వాసన, కాస్త పొగాకు ఘాటుతో కలిసి, మా గేటు దాకా వచ్చింది. ఎదుటి ఇంటి తోటలో మొక్కల మొదళ్ల చుట్టూ పరిచిన తునకలవి. చేస్తున్న పని ఆపి బయటికి వచ్చి నిలబడ్డాను. ఆ తోటను అలా తీర్చిదిద్దిన హలీమా ఆపా ఇప్పుడు లేరు. ఆమె ఉర్దూ మీడియం బడిలో చాలాకాలం చదువు చెప్పి పదవీ విరమణ చేశారు. నేను సిరిసిల్లలో ఒక కార్యాలయంలో రికార్డులు చూసి, ఉద్యోగం ముగిశాక ఇక్కడ స్థిరపడ్డాను. రక్తసంబంధం లేకున్నా పిలుపులో ఆమెకు నేను తమ్ముణ్ణి, నాకు ఆమె ఆపా, అంటే అక్క. ఏది జరిగినా తేదీ వేసి రాసిపెట్టుకోవడం నా అలవాటు. మా వీధిలో మురికికాలువ కట్టమని నేను పెట్టిన అర్జీల నకళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. కాలువ మాత్రం నేటికీ లేదు. ఈ విషయంలో నా కోపం తగ్గలేదు, తగ్గవలసిన అవసరమూ నాకు కనిపించదు.

ఆపా ఇల్లు మిట్ట మీద ఉంటుంది. ముందున్న తోట ఏటవాలుగా దారిలోకి దిగుతుంది. అప్పట్లో దాని నిండా గులాబీలు, పచ్చగడ్డి ఉండేవి. జగిత్యాలలో మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆమె ఆ వాలులో నిలబడలేకపోయారు. గడ్డి ఎండి మట్టి వదులైంది. ఆ ఏడు తొలి వానకే ఎర్రటి బురద జారి దిగువనున్న లచ్చవ్వ వాకిట్లోకి చేరింది. లచ్చవ్వ బీడీలు చేసి బతికే మనిషి. కత్తిరించడానికి గడప దగ్గర పెట్టుకున్న తునికాకు కట్టలన్నీ బురదపాలయ్యాయి.

“టీచరమ్మా, నీ తోట మొత్తం నా ఇంట్లకే అచ్చింది! సిమెంటన్న పోపియ్యి, లేకుంటే నన్నన్న ఇల్లు ఇడ్సిపొమ్మను!” అని ఆమె దారిలో నిలబడి కేకేసింది. దుబాయిలో ఉన్న ఆపా కొడుకు కూడా ఫోనులో సిమెంటు మాటే అన్నాడు. బడి వదిలాక ఆపాకు పొద్దు గడిచేది ఆ తోటలోనే. అది పోతే తనకు మంచం తప్ప మరో చోటు ఉండదని ఆమె దిగులు.

నేను కాగితం తీశాను. “ఆపా, తప్పు మీది కాదు. మోరీ కట్టనోళ్లది. గిప్పుడే రాస్త.”

“రాయి తమ్మీ, మంచిగ రాయి. గని నీ కాయితం తడువలే, లచ్చవ్వ ఆకు తడ్సింది. ముందుగాల్ల ఆమెను పిలువు.”

అంతలేసి మాటలన్న మనిషిని పిలిచి కూర్చోబెట్టడం నాకు రుచించలేదు. అయినా పిలిచాను. లచ్చవ్వ ముఖం ముడుచుకునే వచ్చింది. ఆపా చేయించిన చాయ్ తాగుతూ, అర్జీకని తీసిన కాగితం మీదే నేను తోటకు గీసిన పటం ముగ్గురం చూశాం. వాలును మూడు మెట్లుగా కోసి, ఒక్కొక్క మెట్టుకూ రాతిగోడ కట్టి, నీటిని పక్కనుంచి సన్నని కాలువలో దింపాలని అందులో చూపించాను.

“గోడ ఎంతెత్తు?” అని ఆపా అడిగారు.

“మట్టి ఆగేటంత.”

“మట్టి సంగతి సరే. మనిషి కూసోవద్దా?” అని ఆమె వాకిట్లో రాళ్లు పేర్పించి లచ్చవ్వ వైపు తిరిగారు. “పోయి నీ బీడీల చాట తెచ్చుకో. గీ రాళ్ల మీద కూసోని బీడీ చెయ్యి.”

“మజాకా టీచరమ్మా?”

“మజాక్ కాదు. నీకు నడుము నొయ్యకుంట ఎంతెత్తయితదో, నాకూ గంతే.”

లచ్చవ్వ చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు. “గింత దించుండ్రి. నేనేమన్న గుర్రమెక్కిన్నా?” అంది. ఆపరేషన్ తరువాత ఆపా నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. అలా గోడ ఎత్తు ఖాయమైంది. దాని మీద వెడల్పాటి బండలు పరిచి అరుగుగా చేశాం. అక్కడ కూర్చొని పక్కకు తిరిగితే వెనుక మడి చేతికందుతుంది. ఉదయం నీడలో లచ్చవ్వ పనికీ అక్కడ చోటుంది.

గులాబీలను అడిగినవారికి ఇచ్చేశారు. వంగి కోయవలసిన గడ్డి తీసేశాం. గోడల అంచున వట్టివేరు, నిమ్మగడ్డి, మడుల్లో బిళ్లగన్నేరు, కలబంద నాటాం. ఊడ్చి పారేసే తునికాకు తునకలను లచ్చవ్వ చాటతో తెచ్చి మొక్కల చుట్టూ పరిచింది. కలుపు చాలా మటుకు ఆగిపోయింది.

తరువాత పెద్ద వాన కురిసిన రోజు ఆపా కర్ర పట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు. ఆమె చూపు తోట మీద లేదు, లచ్చవ్వ గడప మీదే ఉంది. నీరు మెట్టుమెట్టుకూ నెమ్మదించి, పక్క కాలువ పట్టి, తేటగా దారిలోకి పోయింది. దిగువనుంచి కేక వినిపించింది.

“టీచరమ్మా! గీసారి నీ తోట నన్ను సూడ అచ్చేటట్టు లేదు. నేనే అస్తున్న, చాయ్ పెట్టు!”

ఆపా గడప మీద కూర్చుండిపోయి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అటుపై ఆమె ఉన్నంతకాలం పొద్దున్నే ఆ అరుగు మీద ఇద్దరూ కనిపించేవారు. ఒకరు కలుపు ఏరుతూ, ఒకరు బీడీలు చుడుతూ, వీధిలో అందరినీ ఆటపట్టించేవారు. ఆపా పోయాక వచ్చిన కొడుకు, ఇక తోటను ఎవరు చూస్తారని అడిగాడు. “నేను రోజు కూసునే తావు బిడ్డా. పక్కన గడ్డి మొలిస్తే నా చెయ్యి ఊకుంటదా?” అంది లచ్చవ్వ.

అర్జీలు నేను ఇప్పటికీ రాస్తాను. మొన్న వెనుక వీధి మనిషి ఒకాయన, పై ఇంటివారి నీళ్లు తన గోడను తడుపుతున్నాయని రాయించుకోవడానికి వచ్చాడు. కాలువ సంగతి గట్టిగానే రాశాను. పై ఇంటాయన పేరు రాయవలసిన చోట ఆగి, “ఆయన ఇంట్ల ఉన్నడా? పిలువు” అన్నాను.

“నేనెందుకు పిలుస్త సారూ, గా మనిషిని?”

“నువ్వు పిలువకు. నేను పిలుస్త, పద” అని చెప్పులు వేసుకున్నాను.