పంటు మీద మొరాయించిన ట్రాక్టరు

గోదావరి మీద జనాన్నీ బండ్లనీ దాటించే పంటు మీద టిక్కెట్లు కోసే ఉద్యోగం నాకిచ్చిన ఆస్తి పెద్ద గొంతూ, ముక్కు మీద కోపమూ. మా రేవులో నా తిట్లు తినని డ్రైవరు లేడు, ఒక్క దుర్గాసాయి తప్ప. కొబ్బరిచెట్ల వరసల మధ్య పట్టే చిన్న ట్రాక్టరు అతనిది. పంటు ఎక్కగానే ఎవరూ చెప్పకుండానే చక్రాల కింద రాళ్లు పెట్టుకునేవాడు. అలాంటివాణ్ని ఏమని తిడతాం?

అతని సంగతి అందరికీ తెలుసు. తాళం పని చేయకపోతే, కింద నిలబడి సెల్ఫు మోటారు మీది రెండు బోల్టులనూ స్క్రూడ్రైవరుతో కలిపి బండి స్టార్టు చేయడం మా వైపు డ్రైవర్లకి అలవాటే. దుర్గాసాయి కూడా ఒకసారి తోటలో అలాగే చేశాడు. బండి గేరులో ఉందన్న మాట మరిచిపోయాడు. అది ఒక్క దూకు దూకి, ఎదురుగా కాయలు ఏరుతున్న అతని బావమరిదిని చెట్టుకేసి నొక్కేసింది. ఆ కుర్రాడు బతకలేదు. భార్య బుల్లెమ్మ ఏడాదిపాటు దుర్గాసాయికి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

అది తొంభై ఎనిమిది వానాకాలం. ధవళేశ్వరంలో నీళ్లు వదలడంతో గోదావరి ఎర్రగా, జోరు మీద ఉంది. ఆ ట్రిప్పుతో పంటు ఆపేయమన్నారు. అందుకే జనం కిక్కిరిసిపోయారు. అందరికంటే ముందు, పంటు అంచుకి అడ్డంగా కట్టిన గొలుసు పట్టుకుని నేను, నా వెనక జనం, వాళ్ల వెనక తొట్టి నిండా కాయలతో దుర్గాసాయి ట్రాక్టరు. ఆ వెనక అచ్చిబాబు ఆటో. అందులో లావణ్య అనే పిల్ల తొలికాన్పు నొప్పులతో మెలికలు తిరుగుతోంది. ఒడ్డు దిగి ఆస్పత్రికి చేరాలి. అవతల రేవులో ఆ వరదలో వేరే బండి దొరకదు.

నది సగం దాటాక, ఒడ్డు వచ్చేలోగా సిద్ధంగా ఉందామని దుర్గాసాయి క్లచ్చి తొక్కి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. బ్యాటరీ తీగలు కదిపి చూసి, మళ్లీ తిప్పాడు.

"తాళం స్విచ్చి పోయిందండి," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంటయ్యా ఇది! నువ్వు కదిలితే గానీ ఆటో దిగదు. ఆ కాయలతో నిన్ను గట్టెక్కించడం ఎవరి తరం?"

అచ్చిబాబు ఆటో దిగి పరుగున వచ్చి, ట్రాక్టరు పెట్టెలోంచి స్క్రూడ్రైవరు లాగాడు. "మీరు క్లచ్చి తొక్కి పట్టండి. నేను డైరెక్ట్ చేసేస్తాను."

"వద్దండి. బ్రేకు సరిగా పట్టక, బండి జరక్కుండా గేరులో పెట్టాను. తాళమైతే నా చేతిలో ఉంటది, వదిలేస్తాను; మీరు కింద కలిపినప్పుడు నా కాలు జారితే?"

"ఎందుకు జారుద్దండీ! అక్కడ పిల్ల చచ్చిపోయేలా ఉంది!"

అచ్చిబాబు చక్రం పక్కన వంగాడు. దుర్గాసాయి సీటు మీంచి దూకి, అతని చేతిలోని స్క్రూడ్రైవరు లాక్కుని నదిలోకి విసిరేశాడు.

స్విచ్చి విప్పడానికీ అదే కావాలని విసిరేశాక గానీ అతనికి తట్టలేదు. జనం తలో మాటా అన్నారు. ఆటోలోంచి లావణ్య అరుపు వినిపించేసరికి నేనైతే అతన్ని కొట్టేవాణ్నే. దుర్గాసాయి ఎవరి వంకా చూడలేదు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. స్విచ్చి చుట్టూ ఉన్న నట్టుని వేళ్లతోనే తిప్పాడు, గోరు చిట్లి రక్తం వచ్చినా వదల్లేదు. స్విచ్చి బయటికొచ్చింది గానీ వెనక మూత రాలేదు. అచ్చిబాబు తిడుతూనే తన ఆటో తాళం అందించాడు. దానితో మూత పైకి లేపగానే లోపలి స్ప్రింగు ఎగిరి పంటు ఇనుప నేల మీద దొర్లిపోయింది. అచ్చిబాబు దాన్ని కాలితో తొక్కి ఆపాడు.

లోపల రాగి రేకులన్నీ ఉప్పుగాలికి చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. నా బీడీల అగ్గిపెట్టె లాక్కుని, గీసే పక్కతో వాటిని తోమాడు. ఈలోగా పంటు ఒడ్డుకి తగిలింది. అందరం దిగి పక్కకు జరిగాం. అతను స్ప్రింగు కూర్చి, మూత నొక్కి, తీగలు తగిలించాడు. సీటెక్కి, క్లచ్చి తొక్కి, "ముందర ఎవరూ లేరు కదండీ?" అని రెండుసార్లు అడిగి తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. ట్రాక్టరు గట్టెక్కింది. దాని వెనకే ఆటో బురద చిమ్ముకుంటూ పోయింది.

దుర్గాసాయి కాయలు వేయడానికి వెళ్లలేదు. గట్టు మీదే కూర్చున్నాడు. పంటు ఆగిపోయింది కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. పొద్దు వాలుతుండగా అచ్చిబాబు తిరిగొచ్చాడు.

"ఆడపిల్లండి. ఇద్దరూ బాగానే ఉన్నారు." తర్వాత గొంతు తగ్గించాడు. "బొడ్డుపేగు బిడ్డ మెడకి చుట్టుకుందంటండి. ఇంకొంచెం ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదని డాక్టరమ్మ నన్ను తిట్టిపోసిందండి."

దుర్గాసాయి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. పంటు మీద తీరకుండా మిగిలిన కోపమంతా బయటికొచ్చింది.

"విన్నావా? చిటికెలో అయ్యే పనికి ఒక పసిప్రాణం పోయేదయ్యా! మళ్లీ ఇలాగే అయితే ఏం చేస్తావు?"

అతను తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"మళ్లీ అయినా ఆ బోల్టుల మీద స్క్రూడ్రైవరు పెట్టనివ్వనండి. ఆ గొలుసు దగ్గర, నా బండికి ఎదురుగా ఉంది మీరేనండి."